తట్టల స్టాండు

పెద్దమ్మ దినాలకని కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ పోయాను. కార్యం ముగిసి, చుట్టాలు భోజనాలు చేసి ఎవరి బస్సుకు వాళ్లు వెళ్లిపోయాక అన్న నన్ను వంటింట్లోకి పిలిచాడు. "వచ్చే నెల ఇల్లు ఖాళీ చేస్తాండాం పాపా. అమ్మ గుర్తుగా నీకేం కావాలో తీసుకో" అన్నాడు.

పెద్దమ్మ వంటిల్లంటే ఎంత? రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. పొయ్యి గట్టు, నీళ్ల బిందె, గోడకు మేకులు కొట్టి తగిలించిన స్టీలు తట్టల స్టాండు. మా చిత్తూరు వైపు కంచాన్ని తట్ట అంటాం. స్టాండులో ఇంకా తొమ్మిది తట్టలున్నాయి. ఒకదాని అంచు పట్టుకుని కాస్త కదిపి వదిలాను. పక్కదానికి తగిలి గల్లుమంది.

ఒళ్లు ఝల్లుమంది. అన్న కూడా గడప దగ్గరే నిలబడిపోయాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

* * *

మాది కుప్పం దగ్గర పల్లె. వేసవి సెలవులిచ్చిన మర్నాడే నాయన నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని కుప్పంలో ప్యాసింజరు ఎక్కేవాడు. గుడుపల్లి, బిసానత్తం, కామసముద్రం, ఆ తర్వాత బంగారుపేట. ముసలివాళ్లు మాత్రం దాన్ని బౌరింగుపేట అనే పిలిచేవాళ్లు. అక్కడ దిగి మారికుప్పం బండి ఎక్కాలి. కోరమండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం... బస్సు స్టాపుల్లాగా పక్కపక్కనే స్టేషన్లు. మనిషి పరుగెత్తి అందుకునేంత నిదానంగా పోయేది బండి. ఆ లైను గనుల కోసమే 1894లో వేశారు. మనుషులకంటే ముందు బొగ్గునూ యంత్రాలనూ మోయడానికి వేసిన దారి అది.

కిటికీలోంచి మొదట కనబడేవి దిబ్బలు. బూడిద రంగు కొండలు, చెట్టూ చేమా లేకుండా, వానకు కోసుకుపోయిన గాళ్లతో. చిన్నప్పుడు అవి నిజం కొండలే అనుకున్నాను. గనిలోంచి పైకి తెచ్చిన రాతిని మరల్లో పిండి చేసి, సైనైడు నీళ్లతో అందులోని బంగారాన్ని కరిగించి తీసేసుకున్నాక మిగిలిన పిండి అది. వందేళ్లకు పైగా పోస్తూ పోతే అంతంత కొండలయ్యాయి. "సైనైడు దిబ్బలు" అనేవాళ్లు అందరూ, చిన్నపిల్లలతో సహా.

దిబ్బల వెనక షాఫ్టుల మీద, అంటే గనిలోకి దిగే నిలువు బావుల మీద, ఇనుప గోపురాలు, వాటి పైన పెద్ద పెద్ద చక్రాలు. ఒక చక్రం తిరుగుతుంటే మనుషులు దిగుతున్నారనో ఎక్కుతున్నారనో అర్థం. "అదిగో, మీ పెదనాయన వస్తాండాడేమో చూడు" అని నాయన ప్రతిసారీ అనేవాడు. నేను ప్రతిసారీ నమ్మి, బండి మలుపు తిరిగేదాకా ఆ చక్రాన్నే చూసేదాన్ని.

* * *

ఛాంపియన్ రీఫ్ గని కూలీల లైన్లలో వరస ఇళ్లు. అందరికీ ఒకే కొలత: ముందు చిన్న వసారా, ఒక గది, వంటిల్లు. ఒక ఇంట్లో తిరగమాత వేస్తే నాలుగిళ్లకు దగ్గొచ్చేది. ఎడమ పక్క ఇంట్లోవాళ్లు ఆర్కాడు నుంచి, కుడి పక్కవాళ్లు ధర్మపురి నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల తాతల కాలంలో అవన్నీ తడికె గోడల గుడిసెలట. పెద్దమ్మ ఎడమ గోడ వైపు తిరిగి తమిళం, రేషన్ కొట్లో కన్నడం, మాతో తెలుగు మాట్లాడేది. అలిగినప్పుడు మూడూ కలిపేసేది.

కుళాయిలో నీళ్లొచ్చే పూట చాలా తక్కువ. బేతమంగళం చెరువు నుంచి తెచ్చే నీళ్లవి, ఆ చెరువుది పాలారు నీరు. పెద్దమ్మ బిందె నింపుకుంటూ "ఇవి మన ఏటి నీళ్లే, ఇక్కడి నుంచే మీ ఊరి పక్కకు పోతాయి" అనేది. పుట్టింటి మీద బెంగ ఆమె ఇంతకంటే ఎక్కువగా బయటికి చెప్పగా నేను వినలేదు.

సెలవులు ఇంకో పదిరోజుల్లో అయిపోతాయనగా గాలి మొదలయ్యేది. దిబ్బల మీది దుమ్ము ఊరంతా తిరిగేది. గోధుమపిండి కంటే మెత్తగా ఉండేది ఆ దుమ్ము, వేళ్లమధ్య నలిపితే చర్మానికి అంటుకుని పోదు. తలుపులు వేసినా లోపలికొస్తుంది. పెద్దమ్మ బిందె మీద తడిగుడ్డ కప్పేది. అన్నానికి కూర్చోగానే స్టాండులోంచి తట్ట తీసి, కొంగుతో ఒకసారి లోపల, ఒకసారి వెనక తుడిచి, అప్పుడు ముందర పెట్టేది. కడిగిన తట్టే, పొద్దున కడిగిందే. అయినా తుడిచిన చోట కొంగు మీద బూడిదరంగు చార పడేది. ఇప్పటికీ నేను ఎక్కడ భోజనానికి కూర్చున్నా తట్ట అరచేత్తో ఒకసారి తుడుస్తాను. మా పిల్లలకు అది అర్థం కాదు.

దిబ్బలెక్కొద్దని ఆమె రోజూ చెప్పేది. మేము రోజూ ఎక్కేవాళ్లం. గోనెసంచి ముక్క మీద కూర్చుని పైనుంచి జారితే ఆ ఆనందమే వేరు. తిరిగొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. వసారా ముందరే నిలబెట్టి చెంబులతో నీళ్లు గుమ్మరించి, నోట్లో బెల్లం ముక్క పెట్టేది, గొంతులో దుమ్ము దిగిపోవాలని. పెదనాయన షిఫ్టు దిగి రాగానే ఆయనకూ అదే బెల్లం ముక్క.

* * *

ఆ ఇంట్లో గడియారం ఉండేది గానీ దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు. ఊరు నడిచేది కూత మీద. షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ మోగేది. నిలవనీళ్లలోంచి లేచినట్టు నెమ్మదిగా మొదలై, ఊరంతా నిండి, దిబ్బలకు తగిలి, మళ్లీ నెమ్మదిగా దిగిపోయేది. మొదటి కూతకు సంగటి ఎసరు పెట్టాలి. రెండో కూతకు పెదనాయన టిఫిన్ క్యారియర్ చేత్తో పట్టుకుని గడప దాటాలి. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ఒక్కోరోజు కోడిగుడ్డు. లైన్లలో తలుపులన్నీ ఒకేసారి తెరుచుకునేవి. వందల బూట్లు ఒక దిక్కుకే నడిచే చప్పుడు మంచంలో పడుకునే వినేదాన్ని.

పెదనాయన డ్రిల్లింగ్ మిషన్ పట్టేవాడు. పెద్దగా మాట్లాడితే గానీ ఆయనకు వినబడేది కాదు, అందుకే ఆయనా పెద్దగానే మాట్లాడేవాడు. లోపల ఎంత లోతుంటుందని ఒకసారి అడిగాను. ఆలోచించి, "మీ ఇంటి కాడి నుంచి స్టేషనుకు ఎంత నడవాల?" అన్నాడు. "మూడు కిలోమీటర్లు." "ఆ దారిని నిలబెట్టు. అదీ లోతు" అన్నాడు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. మనుషుల్ని దించే ఇనుప బోనులో ఒకే దఫా అంత కిందకు దిగడం కుదరదు. కొంత దిగి, నడిచి, ఇంకో షాఫ్టులో మళ్లీ దిగాలి. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. చల్లగాలి యంత్రాలతో పంపిస్తేనే మనిషి నిలబడగలిగేది. "చొక్కా ఎందుకు, చెమటే చొక్కా" అనేవాడు.

ఆయన కథలు చెబితే రాత్రి ఎంతయినా లేవబుద్ధి అయ్యేది కాదు. టిప్పు సుల్తాన్ పడిపోయాక మైసూరు రాజ్యం హద్దులు కొలవడానికి వారెన్ అనే దొర వచ్చాడట. 1802లో సంగతి. ఈ పల్లెల్లో మట్టి కడిగి బంగారం తీస్తారని విని, చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానన్నాడు. ఊరిగాం వాళ్లు బండికి మట్టి ఎత్తుకొచ్చి దొర కళ్లముందే కడిగితే అడుగున పసుపు నలుసులు మెరిశాయి. "వాళ్లు చూపించినారు కాబట్టే ఈ ఊరు" అనేవాడు పెదనాయన. దొర పేరు పుస్తకాల్లో ఉందిగానీ ఆ మట్టి కడిగినవాళ్ల పేర్లు ఎక్కడా లేవని ఆయనకు గట్టి బాధ.

ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు లావెల్ అనే రిటైరైన సోల్జరు ఆ వారెన్ రాసింది చదివి, బెంగళూరు నుంచి ఎడ్లబండిలో ఇక్కడికొచ్చాడు. న్యూజిలాండ్‌లో యుద్ధం చేసొచ్చిన మనిషి. తవ్వుకోడానికి రాజ్యం దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు గానీ అంత డబ్బు ఆయన దగ్గర లేదు. 1880 వచ్చేసరికి జాన్ టేలర్ కంపెనీ దిగింది. లండన్‌లో కోలారు బంగారం పేరు చెప్పి కంపెనీ మీద కంపెనీ పెట్టారు, వాటాలు కొన్నవాళ్లు కొన్నారు, మునిగినవాళ్లు మునిగారు. మైసూరు మైను కూడా ఇక మూసేద్దామనుకున్న దశలో ఛాంపియన్ లోడ్ అనే బంగారు రాతి పొర దొరికింది. అక్కణ్ణుంచి ఇంకెవరూ వెనక్కి చూడలేదు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని మేస్త్రులు, ఆర్కాడు నుంచి, సేలం నుంచి, మన చిత్తూరు నుంచి కూలీలు. కావేరి మీద శివనసముద్రంలో కరెంటు పుట్టించి దాదాపు 150 కిలోమీటర్ల తీగ లాగి 1902లో ముందు ఇక్కడికే ఇచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది మూడేళ్ల తర్వాత. ఈ సంగతి చెప్పేటప్పుడు పెదనాయన తనే తీగ లాగినంత గర్వపడేవాడు.

ఇంకో ముచ్చట కూడా చెప్పేవాడు. ఆకాశం నుంచి వచ్చే ఏదో కణాన్ని పట్టుకోవడానికి సైంటిస్టులు గనిలోకి దిగారని. నాకు అప్పుడు అది కట్టుకథ అనిపించింది. ఆకాశంలోది పట్టడానికి భూమిలోకి ఎందుకు పోతారు? డిగ్రీలో ఫిజిక్స్ చదివేటప్పుడు తెలిసింది. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండు వాళ్లతో కలిసి, రెండు కిలోమీటర్లకు పైగా లోతున వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టింది ఇక్కడే. పైనున్న రాయి మిగతా కణాలను దాదాపు అన్నింటినీ ఆపేస్తుంది, న్యూట్రినోను ఆపలేదు. పుస్తకంలో కేజీఎఫ్ పేరు చూసి హాస్టల్ రూములో ఏడ్చినంత పని చేశాను. పెదనాయనకు ఉత్తరం రాస్తే "నేను చెప్తే నమ్మలే గదా" అని జవాబు.

* * *

తట్టల సంగతి చెప్పాలి.

పెద్దమ్మ దిండు లేకుండా, చాప కూడా లేకుండా, ఉత్త నేల మీద పడుకునేది. మంచం ఉన్నా సరే. ఎందుకని అడిగితే "నేల మాట్లాడితే ముందు తెలియాల" అనేది. నాకు అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం నేనూ తమ్ముడూ వసారాలో గచ్చకాయలాడుతున్నాం. లోపల తట్టలన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. ఆ వెంటనే కాళ్లకింద ఏదో బరువైనది దొర్లినట్టు దడ్‌మని. అంతే, రెండు సెకన్లు కూడా ఉండదు. బిందెలో నీళ్లు మాత్రం ఇంకా వలయాలు తిరుగుతున్నాయి.

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి గడపలో నిలబడింది. లైన్లలో ప్రతి గడపలోనూ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఎవరూ అరవలేదు, పరుగెత్తలేదు. అందరూ షాఫ్టు వైపే చూస్తున్నారు. అంతసేపూ ఎప్పుడూ చూడని గడియారం వైపు పెద్దమ్మ తిరిగి చూసింది. పెదనాయన దిగి ఎన్ని గంటలైంది, ఇప్పుడు ఏ లెవెల్లో ఉంటాడు, అది లెక్కపెట్టుకుంటోందని తర్వాత తెలిసింది.

దాన్ని రాక్ బర్స్ట్ అంటారు. ముసలివాళ్లు ఏర్ బ్లాస్ట్ అనేవాళ్లు. అంత లోతులో చుట్టూ ఉన్న రాతి మీద పైనున్న భూమి బరువంతా పడుతుంది. తవ్వి ఖాళీ చేసిన చోటుకు ఆ ఒత్తిడి తట్టుకోలేక రాయి తనంతట తానే పగిలి పేలుతుంది. ఎప్పుడు పేలుతుందో, ఎక్కడ పేలుతుందో చెప్పలేరు. మూడు కిలోమీటర్ల కింద పేలితే పైన వంటింట్లో తట్టలకు తెలుస్తుంది.

ఆ రోజు కూత వేళకే వచ్చింది. మనుషులు వస్తున్నారు. పెదనాయన రాలేదు. చీకటి పడింది. పెద్దమ్మ గడపలోనే కూర్చుంది. మేము ఆకలి అనకుండా గమ్మున కూర్చున్నాం. దూరంగా ఏదో లైన్లోంచి ఏడుపు వినిపించింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది మన ఇల్లు కాదన్న ఊరటా, పక్కింటి దుఃఖమూ ఒకే కొంగులో దాచుకోవడం అంత దగ్గరగా మళ్లీ నేనెక్కడా చూడలేదు.

షిఫ్టు దిగిన మూడు గంటలకు పెదనాయన వచ్చాడు. వేరే లెవెల్లో పడిందని, సాయానికి ఉండిపోయామని మాత్రం అన్నాడు. పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్లు కాచింది. బెల్లం ముక్క ఇచ్చింది. స్టాండులోంచి తట్ట తీసి, కొంగుతో లోపలొకసారి, వెనకొకసారి తుడిచి సంగటి పెట్టింది. ఆయన తింటున్నంతసేపూ పక్కనే కూర్చుని, మిగతా తట్టల్ని ఒక్కొక్కటే సర్ది నిలబెట్టింది. పొద్దున కూతకు ఆయన మళ్లీ పోయాడు.

* * *

జీతాల రోజు వేరే ఊరు. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు కిటకిటలాడేది. పెద్దమ్మ మాకు బట్టలు, తనకు ఒక తట్ట కొనుక్కునేది. ఏడాదికి ఒకటి లెక్కన. కొట్టువాడు తట్ట వెనక మిషనుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిచ్చేవాడు, ఆ టకటక నాకిష్టం. బంగారం కొనుక్కోవచ్చు గదా పెద్దమ్మా అంటే, "మీ పెదనాయన రోజూ చూసేదే గదా, మళ్లా ఇంట్లో ఎందుకు?" అనేది. పెదనాయన రోజూ చూసేది రాయి. మొదట్లో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా బంగారం వచ్చేదట. ఆయన రిటైరయ్యేనాటికి నాలుగు గ్రాములు రావడం కూడా గగనం. నూట ఇరవై ఏళ్లలో ఈ నేల 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చింది. మా పెద్దమ్మ మెళ్లో పసుపుతాడే ఉండేది చివరిదాకా.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. మా గుడుపల్లి పక్క చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా వాటితోనే. పెదనాయన అప్పటికే రిటైరై మూడేళ్లు. ఆ రోజు షాఫ్టు దాకా నడిచి వెళ్లి, గేటు దగ్గర నిలబడి వచ్చాడట. నేను తర్వాత చూడ్డానికి పోతే పెద్దమ్మ అన్న మాట: "కూత లేకుంటే సంగటి ఎప్పుడెక్కించాల్నో తెలీడంలే పాపా."

ఆ రాత్రే అనుకుంటా, లేదా ఇంకోసారి పోయినప్పుడు. అందరం పడుకున్నాం. తట్టలు గల్లుమన్నాయి. పంపులు ఆపేశాక సొరంగాల్లోకి నీళ్లు చేరి, లోపల రాయి ఇంకా కదులుతూనే ఉండేది. పెద్దమ్మ చప్పున లేచి కూర్చుని గడియారం వైపు చూసింది. పెదనాయన పక్కన మంచం మీదే ఉన్నాడు. "లోపలెవరూ లేరు లేవే, పడుకో" అన్నాడు. ఆమె పడుకుంది. చెవి నేలకు ఆనించే పడుకుంది.

* * *

దినాల సాయంత్రం ఊరంతా తిరిగాను. ఇనుప గోపురాలు తుప్పుపట్టి నిలబడున్నాయి, చక్రాలు కదలడం లేదు. దిబ్బల మీద అక్కడక్కడా తుమ్మచెట్లు మొలిచాయి. దొరల బంగళాల పెంకులు జారిపోయాయి. లైన్లలో చాలా తలుపులకు తాళాలు.

రాత్రి నేను పెద్దమ్మ చోట ఉత్త నేల మీద పడుకున్నాను. నిద్ర రాలేదు. చెవి నేలకు ఆనించి ఎంతసేపు విన్నా ఏమీ లేదు. బాగా తెల్లవారుజామున, చీకటుండగానే, ఎక్కడో గొళ్లెం తీసిన చప్పుడు. తర్వాత ఇంకోటి. బకెట్ల చప్పుడు, గిన్నెల చప్పుడు, ఆ తర్వాత చెప్పుల అడుగులు, అన్నీ ఒకే దిక్కుకు. షాఫ్టు వైపు కాదు, స్టేషను వైపు. బెంగళూరు బండికి. వంద కిలోమీటర్లు పోయి పని చేసుకుని రాత్రికి తిరిగొచ్చే మనుషులు. మా అన్న కూడా ఇరవై ఏళ్లుగా అలాగే తిరిగాడు, ఇక తిరగలేక అక్కడికే మారుతున్నాడు.

అన్న లేచి లైటు వేశాడు. "పడుకో పాపా, నీ బండికి ఇంకా టైముండాది" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి పోయి స్టాండులోంచి ఒక తట్ట తీశాను. వెనక తిప్పితే చుక్కల అక్షరాల్లో పెదనాయన పేరు, సగం అరిగిపోయింది. కొంగుతో తుడిచాను, చార పడింది.

సంచిలో పెట్టుకోబోయి ఆగి, ఇంకోటి కూడా తీసుకున్నాను. ఒక్కటే అయితే చప్పుడు రాదు. అన్న పేపరు చుట్టిస్తానని వచ్చాడు. వద్దన్నాను.